ఏలియా బొటనవేలి తాడు

న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల ఆ లైనులో ఎవరిని అడిగినా చెబుతారు, ఏలియా కాలి బొటనవేలికి తాడు కట్టుకుని పడుకునేవాడని. మంచం అల్లగా మిగిలిన నవారు చీల్చి తనే పేనుకున్న తాడు అది. ఒక కొస వేలికి, రెండో కొస కిటికీ ఊచల్లోంచి బయటికి. పక్క క్వార్టరు చిట్టెమ్మ పొద్దున్నే బిందె పట్టుకుని కుళాయికి వెళుతూ ఆ కొస అందుకుని రెండుసార్లు గుంజేది. లోపల ఏలియా లేచి కూర్చునేవాడు. వర్క్‌షాపు సైరను ఖరగ్‌పూర్ అంతా అదిరేలా మోగినా కదలని మనిషి, ఆ గుంజుడుకి మాత్రం లేచేవాడు.

చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు, పని తెచ్చిపెట్టింది. ఏలియాది బాయిలర్ షాపు. ఇంజను బాయిలరుకి రివిట్లు కొట్టేటప్పుడు బయటివాళ్ళు సమ్మెటలతో బాదుతారు. ఒకడు మాత్రం బాయిలరు లోపలికి దూరి, రివిట్టు వెనక్కి జరగకుండా ఇనప దిమ్మె ఆనించి పట్టుకుని కూర్చోవాలి. ఆ లోపల కూర్చునే మనిషి ఏలియా. గుళ్ళో గంట లోపల మనిషిని కూర్చోబెట్టి గంట కొడితే ఎలా ఉంటుందో అలా ఉంటుందట. అలా ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంచెం వినపడేది. మిగతాదంతా ఎదుటివాళ్ళ పెదాలు చూసి తెలుసుకునేవాడు. ఆ షాపులో అందరికీ వచ్చే విద్యే అది.

భార్య ఆలిస్ ఉన్నన్నాళ్ళూ తాడు అవసరం రాలేదు. భుజం మీద చెయ్యి వేసి లేపేది. ఎవరు తలుపు కొట్టినా, పొయ్యి మీద పాలు పొంగినా, వీధిలో ఎవరు పోట్లాడుకుంటున్నా, అన్నీ అతని కుడి చెవిలో చెప్పేది. పిల్లలు లేరు ఆ ఇద్దరికీ. యాభై తొమ్మిదో సంవత్సరం వానల్లో జ్వరం పట్టుకుని ఆలిస్ పోయింది. దాంతో ఆ ఇంట్లో ఉన్న చెవులు రెండూ పోయాయి.

అయితే ఏలియాకి ఒక ఆశ మిగిలింది. పూరీ గేట్ దగ్గర రేకుల షెడ్డులో తెలుగు క్రైస్తవుల సంఘం కూడేది. పాస్టరు సుందర్ రాజుగారు ప్రతి ఆదివారమూ ఒక సంగతి తప్పకుండా చెప్పేవారు. ప్రభువు రాకడ దగ్గరపడింది. కడవరి బూర మోగుతుంది. ప్రభువులో నిద్రించినవాళ్ళు, అంటే చనిపోయిన విశ్వాసులు, ముందు లేస్తారు, బతికున్న విశ్వాసులు వాళ్ళతో కలిసి మేఘాల్లోకి వెళతారు. ముందు బెంచీ మీద కూర్చుని, ఆయన పెదాల మీంచి కన్ను తిప్పకుండా, ఏలియా ఆ మాట తాగేసేవాడు. ఆలిస్ లేస్తుంది. తను వెళ్ళి కలుసుకోవాలి. కావలసింది అంతే.

కానీ బాయిలరు మనిషి గదా, పని ఎలా జరుగుతుందో తెలుసుకోకుండా ఊరుకోలేడు. ఒకరోజు ఆరాధన అయ్యాక అడిగాడు.

"అయ్యగారూ, బూర మోగుతాది అంటున్నారు. నాకు వినపడదు గదా మరి?"

పాస్టరుగారు నవ్వి, అతని కుడి చెవి దగ్గర గట్టిగా అన్నారు. "ఆ బూర చెవిటివాళ్ళకి కూడా వినపడుతుంది ఏలియా."

ఏలియా తల ఊపాడు. మనసు మాత్రం ఒప్పుకోలేదు. వర్క్‌షాపు సైరను కూడా ఊరందరికీ వినపడుతుందనే అంటారు.

అందుకని ఒకనాటి పొద్దున్న చిట్టెమ్మని కుళాయి దగ్గర ఆపాడు. "చెల్లీ, ఒక మాట. పనికి ఎలాగూ లేపుతున్నావు. ఏ వేళైనా ఆకాశంలో బూర మోగిందనుకో, అప్పుడు కూడా ఓసారి లాగీ."

చిట్టెమ్మ బిందె దింపి అతని చెవి దగ్గరికి వచ్చింది. "బూరేటి? పెళ్ళి బూరా?"

"ప్రభువు వస్తాడు. నమ్మినోలని తీసుకెల్తాడు."

"మరి నన్నో?"

ఏలియా తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఓలమ్మో! ఇదేటన్నా! నువ్వు మేఘాలెక్కి ఎల్లిపోతావు, నన్నీ కుళాయి కాడ ఒగ్గీసి! అలాగెల్లిపోడానికి తాడు నానే లాగాలేటి? మీ దేముడికి ఇంకెవలూ దొరకనేదేటి?"

కుళాయి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. వెనక నిలబడ్డ అదే లైను దత్తబాబు భార్య "కీ హోలో దీదీ, కీ హోలో?" అని, ఏమైందక్కా అని బెంగాలీలో అడిగి, సంగతి తెలిశాక ఆవిడా నవ్వింది. ఆ నవ్వులు ఏలియాకి వినపడలేదు, కనపడ్డాయి. తిరిగి వెళ్ళిపోబోయాడు. చిట్టెమ్మే చొక్కా పట్టుకుని ఆపింది.

"సర్లే, లాగుతాను. ఒట్టు. ఎల్లినాక మాత్రం నా గురించి కూడా ఓ ముక్క సెప్పు అక్కడ."

సంఘంవాళ్ళకి ఒక లెక్క ఉండేది. సువార్త లోకంలో ప్రతి చెవిలోనూ పడాలి, అది పూర్తయిన నాడు ప్రభువు వస్తాడు. కాబట్టి తాత్సారం పనికిరాదు. ఒక్కొక్కరికి ఒక్కసారి చెప్పాలి, కరపత్రం ఇవ్వాలి, మరొకరి దగ్గరికి నడవాలి. విన్నవాళ్ళు నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. ఈ పనిలో ఏలియాని మించినవాడు లేడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి ఒళ్ళు వాలిస్తే, ఇతను ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరికి రైలు కిటికీల్లో తెలుగు, బెంగాలీ, ఒడియా కరపత్రాలు అందిస్తూ పరిగెత్తేవాడు. ఎంత తొందరగా పంచితే ఆలిస్ అంత తొందరగా లేస్తుంది మరి.

తన లైనులో ఇంటింటికీ ఎప్పుడో చెప్పేశాడు. చిట్టెమ్మ అత్తగారు జోగమ్మకి కూడా చెప్పాడు. ఆ ముసలామెకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పగలూ రాత్రీ వరండాలో మంచం మీదే. మంచం పక్కన నిలబడి ప్రభువు సంగతంతా చెప్పి, చేతిలో కాగితం పెట్టాడు. ఆవిడకి చదువు రాదు. ఆ కాగితం చిట్టెమ్మ ఊరగాయ జాడీకి మూతగా వెళ్ళింది.

"కాసేపు కూకోరాదా అయ్యా," అంది జోగమ్మ ఆ రోజు. "ఆలిసమ్మయితే కూకునీది. తల దువ్వీది."

నిజమే, ఆలిస్ రోజూ సాయంత్రం ఆవిడ తల దువ్వేది. ఏలియా విసుక్కునేవాడు కూడా. "దేవుడి మాట సెప్పకుండా ఈ దువ్వుడేటి?" అంటే, "ముందు చిక్కు తియ్యనీయండి, తర్వాత చెబుదురుగాని" అనేది. ఇప్పుడు కూర్చోవడానికి ఏలియాకి తీరికెక్కడిది? పూరీ ప్యాసింజరు వచ్చే వేళయింది.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. కలైకుండలో విమానాల స్థావరం ఉంది కదా, అది ఊరికి దగ్గరే. రైల్వేవాళ్ళు జీపు మీద మైకు పెట్టి లైను లైనూ తిరిగారు. ప్రమాద సైరను మోగగానే ఎక్కడివి అక్కడ వదిలేసి, వెనక మైదానంలో తవ్విన కందకాల్లోకి దిగాలి, మళ్ళీ సైరను మోగేదాకా బయటికి రాకూడదు అని చెప్పారు. ఆ మైకు ఏలియాకి వినపడలేదు. ఆ వారమే అతనికి జ్వరం, షాపుకి పోలేదు. పోయి ఉంటే అక్కడైనా ఎవరో ఒకరు సైగ చేసి చెప్పేవారు. కందకాలు తవ్వుతుంటే చూశాడు, నీళ్ళ గొట్టాలకేమో అనుకున్నాడు. మొగుడు చెప్పే ఉంటాడులే అనుకుంది చిట్టెమ్మ. పెళ్ళాం చెప్పే ఉంటుందిలే అనుకున్నాడు గోవిందరావు. ఆ వారం ఇంటికి వచ్చినవారు పాస్టరుగారొక్కరే. జ్వరం మనిషి కోసం ప్రార్థన చేసి, వెళుతూ గుమ్మంలో నిలబడి, "యుద్ధాలు చూస్తున్నావుగా ఏలియా. ఇంక ఎన్నో రోజులు లేవు," అన్నారు.

మర్నాడు పొద్దున్న జ్వరం దిగింది. ఏలియా తనంతట తనే మేలుకుని, వేలి తాడు విప్పి, వెనక పెరట్లోకి వెళ్ళి మోకరించాడు. తువ్వాలులో మొహం దాచుకుని ప్రార్థన చేసుకోవడం అతని అలవాటు. తాడు కొస మాత్రం కిటికీ బయట అలాగే వేలాడుతోంది.

అప్పుడు మోగింది సైరను. పిల్లలు ఏడ్చారు, తలుపులు కొట్టుకున్నాయి, లైను లైనంతా మైదానం వైపు పరుగు. చంకలో పిల్లతో చిట్టెమ్మ పరిగెత్తుతూ కూడా కిటికీ దగ్గర ఆగింది. తాడు గుంజింది. లోపల కదలిక లేదు. మరోసారి బలంగా గుంజేసరికి తాడంతా ఊడి చేతిలోకి వచ్చేసింది. తలుపు బాదింది, లోపల గడియ. "అన్నా! ఓలన్నా!" అని గొంతు చించుకుంది. గోవిందరావు వచ్చి జబ్బ పట్టుకుని లాక్కుపోయాడు. తల్లిని కందకంలోకి దింపడం అతని వల్ల కాదు. మంచాన్ని గోడ వారకి నెట్టి, "అమ్మా, వచ్చేత్తాం" అనేసి పోయాడు పాపం.

ఏలియా ప్రార్థన ముగించి వీధి తలుపు తీశాడు. గుమ్మం ముందు మట్టిలో పడి ఉంది తాడు.

వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తను సెలవులో ఉన్నాడు. పనికి లేపే అవసరం లేదు. ఇంక ఆ తాడు లాగడానికి మిగిలిన కారణం ఒక్కటే.

తల ఎత్తి చూశాడు. చిట్టెమ్మ గుమ్మంలో పాలు పొంగి బొగ్గుల కుంపటి ఆరిపోయి పొగ వస్తోంది. రోడ్డు మధ్య ఒకే ఒక్క చెప్పు. దత్తబాబు తలుపు బార్లా తెరిచి ఉంది, అరుగు మీద చాయ్ గ్లాసు నిండుగా ఉంది. కుళాయి కింద బిందె నిండి నీళ్ళు పారిపోతున్నాయి, కట్టేవాళ్ళు లేరు. లైను ఈ చివర నుంచి ఆ చివరికి నరమానవుడు లేడు. పైన తెల్లటి మేఘాలు తాపీగా పోతున్నాయి.

అయిపోయింది అనుకున్నాడు ఏలియా.

చిట్టెమ్మ ఒట్టు నిలబెట్టుకుంది. లాగింది, తాడు కొసన తనే లేడు. కాలవ గట్టు మీద కూలబడ్డాడు. అంతలో ఇంకో ఆలోచన వచ్చి గుండెలో గుచ్చుకుంది. చిట్టెమ్మ కూడా వెళ్ళిపోయిందే! జీతం రోజున తప్పతాగి కాలవలో పడుకునే నూకయ్య ఇల్లూ ఖాళీయే. కరపత్రం చింపి మొహాన కొట్టిన దత్తబాబు కూడా లేడు. వాళ్ళందరూ పనికొచ్చారు, ఇంటింటికీ తిరిగి చెప్పిన తను పనికి రాలేదు. ఆలిస్ లేచే ఉంటుంది. గుంపులో తన కోసం వెతికే ఉంటుంది. ఒక్క నిమిషం ఆగండి, ఆయనకి వినపడదు అని ఎవరినో బతిమాలే ఉంటుంది. అలాంటి మనిషే ఆవిడ. ఆగలేదు కాబోలు ఎవరూ.

ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. చిన్నప్పుడు సంతలో తల్లి చెయ్యి వదిలిపోయిన నాడు కూడా ఇంత ఖాళీగా లేదు. అప్పుడు చుట్టూ జనమైనా ఉన్నారు.

అప్పుడు పక్క వరండాలో ఏదో కదిలింది. జోగమ్మ, బాగున్న చేత్తో మంచం పట్టె మీద కొడుతోంది. ఎంతసేపటినించీ కొడుతోందో! ఏలియా లేచి వెళ్ళాడు. ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడుతోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ పెదాలు కదలడం చూశాడు.

"నిన్నూ ఒగ్గీసినారేటి అయ్యా?"

ఏలియా తల ఊపాడు.

పరలోకం తలుపు మూసేశాక ఇంక సువార్త ఏముంది, ఎవరికి చెప్పాలి? కుళాయి కింద పొర్లిపోతున్న బిందె తెచ్చి, గ్లాసుతో ముంచి, ఆవిడ తల ఎత్తి పట్టుకుని తాగించాడు. గటగటా తాగింది. మంచం నీడలోకి జరిపాడు. తడిసిన దుప్పటి తీసి తన ఇంట్లోంచి పొడి దుప్పటి తెచ్చి కప్పాడు. అయినా ఆవిడ పెదాలు ఇంకా ఏదో అడుగుతున్నాయి. వంగి చూశాడు.

"తల సిక్కు పడిపోనాది. ఆలిసమ్మ రాదేటి?"

ఆలిస్ పోయిందని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పారో. నిలవదు. ఏలియా ఇంట్లోకి వెళ్ళి, ట్రంకు పెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ఆలిస్ దువ్వెన తీశాడు. దాని పళ్ళలో ఒక వెంట్రుక ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా తీసి జేబులో పెట్టుకున్నాడు. మంచం పక్కన కూర్చుని, ఇనప దిమ్మె పట్టే చేతులతో, కుదుళ్ళు నొప్పెట్టకుండా ఒక్కో పాయ విడదీశాడు. ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు ఇప్పుడు. ఏ రైలుకీ వేళ కాలేదు.

ఉన్నట్టుండి జోగమ్మ తల పక్కకి తిప్పింది. "అదిగో, మళ్ళీ కూత," అన్నాయి పెదాలు. కాసేపటికి లైను వెనకనుంచి మనుషులు వచ్చారు, మోకాళ్ళ దాకా బురదతో. అందరికంటే ముందు చిట్టెమ్మ.

అత్తగారి తల దువ్వుతున్న ఏలియాని చూసి ఆవిడ వరండా ముందే ఆగింది. ఆవిడని చూసి అతను దువ్వెనతోనే లేచాడు.

"తిరిగొచ్చీసినావా చెల్లీ?" అన్నాడు ఏలియా.

"ఎక్కడినుంచి? గోతిలోంచి! సైరను మోగితే సచ్చీట్టు పరిగెత్తినాం. ఎంత లాగినాను నిన్ను! తాడు సేతికొచ్చీసినాది గాని నువ్వు రానేదు." అంటూనే అతని మొహం చూసింది. నెమ్మదిగా అర్థమైంది. "ఓలమ్మో... బూర అనుకున్నావేటి? నన్ను తీసుకెల్లి, నిన్ను ఒగ్గీసినాడనుకున్నావేటి మీ దేముడు?"

వచ్చిన నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. "ఈ బురద సూడు! మేఘాలు ఇలాగుంటాయేటన్నా?" నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. ఏలియా నవ్వలేదు మరి. చేతిలో దువ్వెన ఉంది. చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

యుద్ధం ఆగింది గాని సంఘంలో వేడి ఆగలేదు. ఇంతకంటే సూచన ఏం కావాలి, ఇంకా వినని ఊళ్ళు ఎన్ని ఉన్నాయి అంటూ పాస్టరుగారు ఒక లారీ, మైకు కుదిర్చారు. ప్రతి ఆదివారం ఒడిషా వైపు ఊళ్ళకి ప్రయాణం. ఏలియా కోసం లారీలో ముందే చోటు ఉంచారు. ఏలియా వెళ్ళలేదు. ప్లాట్‌ఫారానికి కూడా వెళ్ళలేదు. షాపు నుంచి రాగానే జోగమ్మకి నీళ్ళిచ్చి, దుప్పటి మార్చి, తల దువ్వి, ఊరికే కూర్చునేవాడు. ఆవిడ మాట్లాడేది. సగం అతనికి అందేది కాదు. ఆవిడకి ఆ బెంగ లేదు.

పాస్టరుగారే వచ్చారు చివరికి. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"ఏలియా, ఊళ్ళకి ఊళ్ళు వినకుండా ఉన్నాయి. నువ్వు ఒక్క ముసలామెకి నీళ్ళు పోస్తూ కూర్చున్నావు. ఆవిడకి చెప్పావు గదా!"

"సెప్పినాను అయ్యగారూ. సెప్పి ఎల్లిపోనాను."

"మరి?"

"ఆ పొద్దు నాను మిగిలిపోనాను. కాసేపే అనుకోండి. మిగిలిపోడం ఎలాగుంటాదో సూసినాను. ఆవిడ రోజూ అలాగే ఉన్నాది."

పాస్టరుగారు చెడ్డవారు కాదు. భుజం మీద చెయ్యి వేసి, చాలా మెల్లగా, ఏలియా చూడగలిగేలా అన్నారు. "మనం ఆలస్యం చేస్తే ప్రభువు రాకడ ఆలస్యమవుతుంది. ఆలిస్‌ని చూడాలని లేదా నీకు?"

ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సంఘం లెక్క ఏలియాకి తెలియంది కాదు. జోగమ్మ పక్కన కూర్చున్న ప్రతి సాయంత్రమూ ఆలిస్ ఒక సాయంత్రం వెనక్కి జరుగుతుంది. తెలిసే కూర్చుంటున్నాడు.

"ఉంది అయ్యగారూ," అన్నాడు. "ఎదురైన రోజున దువ్వెన ఏదని అడుగుతాది. ఏటి సెప్పను?"

ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత సంఘంలో ఏలియా విశ్వాసంలో చల్లారిపోయాడని చెప్పుకున్నారు. ముందు బెంచీలో చోటు ఇంకొకరికి వెళ్ళింది. వెనక బెంచీ నుంచి పాస్టరుగారి పెదాలు కనపడవు. అయినా ఆదివారం మానలేదు. ఏమీ వినకుండా, ఏమీ చూడకుండా, చివరిదాకా కూర్చుని లేచి వచ్చేవాడు. దారిలో పలకరించేవాళ్ళు తగ్గిపోయారు.

తాడు కూడా మానలేదు. ఈసారి రెండో కొస జోగమ్మ మంచం పట్టె దాకా సాగదీసి కట్టాడు. ఆవిడకి నిద్ర తక్కువ, చెవులు పాము చెవులు.

"బూర మోగితే లాగు పెద్దమ్మా."

"లాగుతాన్లే. లాగితే నువ్వెల్లిపోతావు గదా?"

ఏలియా ఆలోచించాడు. "నీకు నీళ్ళిచ్చి ఎల్తాను."

"అలాగైతే లాగుతాను," అంది జోగమ్మ.

ఆమె ఆ తాడు లాగింది ఒకే ఒక్కసారి. అరవై ఎనిమిది వేసవిలో, సెలవు రోజు, మిట్టమధ్యాహ్నం. చిట్టెమ్మ బజారుకి వెళ్ళింది. కునుకు పట్టిన ఏలియా వేలు చురుక్కుమంది. ఒక గుంజు, ఇంకో గుంజు. ఉలిక్కిపడి లేచి, తాడు వేలినుంచి పీకేసి, పక్క వరండాలోకి పరిగెత్తాడు. నేరుగా ఆ మంచం దగ్గరికే. గ్లాసు ముంచి, తల ఎత్తి, నీళ్ళు పట్టాడు. రెండు గుక్కలు దిగాయి. మూడోది పెదాల పక్కనుంచి కారిపోయింది.

"బూర కాదు," అన్నాయి ఆ పెదాలు. "దాహమేసినాది. కోపమేటి?"

"లేదు పెద్దమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, వచ్చేటప్పుడు ఆకాశం వైపు చూడలేదని. ఇప్పుడు చూశాడు. మేఘం ముక్క లేదు, ఎండ మాత్రం ఉంది. మళ్ళీ కిందికి చూసేసరికి ఆవిడ చూపు నిలిచిపోయింది. చెయ్యి ఇంకా తాడు కొస పట్టుకునే ఉంది.

గోవిందరావు తల్లికి చేయవలసినవన్నీ చేశాడు. ఏలియా కాస్త దూరంగా, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డాడు. మంచం వరండాలో అలాగే ఉండిపోయింది కొన్నాళ్ళు. ఆ పట్టెకి తాడు కూడా అలాగే ఉంది. షాపు నుంచి వచ్చి, ఖాళీ మంచం పక్కన కూర్చుని, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకునేవాడు.

ఒక సాయంత్రం చిట్టెమ్మ బిందె దింపి, అతని కుడి చెవి దగ్గరికి వచ్చింది. ఈమధ్య ఇంకా గట్టిగా అరవాల్సి వస్తోంది.

"పట్టుకునీవోలు లేరు గదన్నా. ఇంకా ఏల ఆ తాడు? విప్పీనా?"

"ఉండనీ చెల్లీ," అన్నాడు ఏలియా. "ఎవలికైనా దాహమేస్తాది."